గుప్పెడు రవ్వ

హలో... వినపడుతోందా? అందరూ బాగుండారా? చేతిలో పనుంటే కానీండి, చెవి మాత్రం ఇటు పడేయండి. చిన్న కథ చెప్తా.

1957. ఎర్రగుంట్ల.

ఓబులేసు ఇంట్లో బ్యాటరీ రేడియో ఉంది. శనివారం కచేరీలో పాట బాగానే వినపడుతుంది. మృదంగం మాత్రం రేకుడబ్బా మీద కొట్టినట్టుంటుంది.

ఎదురింటి చెన్నకేశవులుదీ అలాంటి రేడియోనే. కానీ వీధి జనమంతా ఆయన అరుగు మీదే చేరతారు.

అది ఓబులేసుకు కడుపుమంట. అందుకే ఆ మధ్యాహ్నం రేడియో మెకానిక్ సుందరాన్ని పిలిపించాడు.

"పెద్ద స్పీకరు ఇంకోటి తగిలిస్తే మోత గుండెకు తగుల్తాదన్నా" అన్నాడు సుందరం.

"ఉన్నదాన్ని వినేకే మనిషి రాడు. ఇంకో పెట్టె యాల?" అంది భార్య మహాదేవమ్మ.

ఓబులేసు ఎటూ తేల్చుకోలేకపోయాడు.

అంతలో వాకిట్లో ఎవరో బక్కపలచని మనిషి. భుజాన గుడ్డలో చుట్టిన పెద్ద మూట.

"అయ్యా, రైలు తప్పింది. గుప్పెడు బొంబాయి రవ్వ ఇప్పిస్తారా?"

ఓబులేసు పకపకా నవ్వాడు.

"సంగటి అడిగేటోళ్లను చూసినా, రొట్టె అడిగేటోళ్లను చూసినా. నీకు ఉప్మానే కావాల్నా?"

"తినడానికి కాదండీ..."

"మరి ముగ్గేసేకా? పోప్పా, పో!"

ఆయన మూట సర్దుకుని ఎదురింటికి వెళ్లాడు.

కాసేపటికి అటునుంచి మృదంగం మోగింది.

ధోం... ధోం...

ఓబులేసు ఇంట్లో గూట్లోని గిన్నెలు అదిరాయి. జనం ఎదురింటికి పరుగెత్తారు.

"చూస్తివా సుందరం! చెన్నకేశవులు నాకన్నా ముందే పెద్ద స్పీకరు తెచ్చి పెట్టినాడు! ఏదో స్టేషను పట్టినాడు!"

"నీకూ ఒకటి తెప్పిద్దామా అన్నా?"

"ఒకటి గాదు, రెండు!"

ఆ స్పీకరు ఎంతుందో చూడందే ఓబులేసుకు కాలు నిలవలేదు. అయినా మోత ఆగేదాకా పంతంగా ఆగి, అప్పుడు వీధి దాటాడు. జనం వెళ్లిపోతున్నారు. స్టేషన్లో రైలు కూత వేసింది.

"యాడ పెట్టినావప్పా కొత్త స్పీకరు?"

"ఏం స్పీకరు?" అన్నాడు చెన్నకేశవులు. "బ్యాటరీ అయిపోయి మా రేడియో మూగబడి మూడు దినాలాయ."

"మరి ఆ మోత?"

"ఆ రైలు తప్పినాయనదే. ఎడం పక్క తోలుకు తడిపిన రవ్వ అంటిస్తేనే మృదంగం అట్ల గుమ్మని పలుకుతాదంట. అంటించుకోని, మాకోసం ఇంతసేపు వాయించి, ఇప్పుడే రైలుకు పోయినాడు."

ఓబులేసు స్టేషను వైపు తొంగిచూశాడు.

"ఎవురప్పా ఆయప్ప?"

చెన్నకేశవులు వింతగా చూశాడు.

"శనివారమొస్తే రేడియోలో సరిగ్గా వినపల్లేదని ఏడుస్తాంటివే... ఆ మృదంగం వాయించేది ఆయనే గదప్పా!"

అదీ కథ. నచ్చితే మీ దగ్గరే పెట్టుకోవద్దు. వాకిట్లోకి వచ్చినోళ్లను కసురుకునే వాళ్లెవరన్నా గుర్తొస్తే, వాళ్లకు ముందు పంపండి.