గెంటకూడని రోజు

ఆ మనిషి ఎవరి తరఫువాడో వెలిబోర్‌కు అంతుపట్టలేదు.

బట్టతల, మంచుకు తడిసిన బూట్లు, చంకలో చిన్న సంచి. లోపలికి వచ్చి కొవ్వొత్తి ముందు శిలువ గుర్తు వేసుకున్నాడు. ప్రసాదంగా ఉడికించిన గోధుమలు ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు. కుర్చీ లాక్కుని చేపముక్కల పని పట్టాడు.

సెయింట్ నికోలా పండగనాడు ఎవరినీ పిలవరు. వచ్చినవాళ్లను ఎవరని అడగరు. పొమ్మని అసలే అనరు. ఆ ఇంట్లో మూడు తరాలుగా ఆ మర్యాద తప్పలేదు.

నాన్న పాత ఫ్యాక్టరీ స్నేహితుడై ఉంటాడనుకున్నాడు వెలిబోర్. కొడుకు ఆఫీసువాడు కాబోలనుకున్నాడు తండ్రి స్వెతోజార్.

భోజనాలయ్యాక వెలిబోర్ కూతురు దున్యా టీవీలో టెన్నిస్ పెట్టింది. చేతిలో రిమోటు ఎలా ఊపితే తెరమీది బొమ్మ బ్యాటు అలా ఊపుతుంది. ఆ ఇంట్లో పండగంటే ఇప్పుడు సగం ఆ ఆటే.

కొత్తాయన రెండు రిమోట్లు అందుకుని నేరుగా స్వెతోజార్ దగ్గరికి వెళ్లాడు.

"లేవండి పెద్దాయనా, ఓ ఆట వేద్దాం."

గదిలో అందరూ పెద్దాయన జేబువైపు చూశారు.

స్వెతోజార్ కుడిచెయ్యి ఎప్పటిలాగే కోటు జేబులో ఉంది. వేసవిలో ప్లమ్ చెట్టుకు వేసిన నిచ్చెన మీంచి పడ్డాడు. ఎముక అతుక్కుని రెండు నెలలైంది. కదపకపోతే ఆ చెయ్యి కొయ్యబారిపోతుందని డాక్టరు చెప్పాడు. నొప్పికి భయపడి ఆయన కదపలేదు. చెయ్యి సాగదీస్తామని వచ్చిన ఇద్దరిని గుమ్మంలోంచే తరిమేశాడు. ఆ ఉదయం పూజారితో కలిసి పండగ రొట్టెను రెండు చేతులా తిప్పాల్సిన ఇంటిపెద్ద, ఆ పని కొడుక్కి అప్పజెప్పి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"నా చెయ్యి బాగాలేదు" అన్నాడు స్వెతోజార్.

"రెండోది ఉందిగా."

అందరి ముందూ కాదనలేక ఎడంచేత్తో ఆడాడు. చిత్తుగా ఓడాడు.

"మా ఇంట్లో కోళ్లు ఇంతకన్నా బాగా ఆడతాయి" అన్నాడు కొత్తాయన.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

రెండో ఆటా అంతే.

"ఇంతకీ ఆ జేబులో ఏం దాచారు? రొట్టెముక్కా?"

"ఒరేయ్, నా వయసెంతో తెలుసా నీకు?"

"తెలుసు. దెబ్బ తగిలిందని మూల కూర్చుని ఏడ్చే వయసైతే కాదు."

వెలిబోర్‌కు ఒళ్లు మండిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి విన్నాడు గానీ, మూతి తుడుచుకోకముందే మొదలుపెట్టినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు. సమయానికి అమ్మ కూడా లేదు. కింది అంతస్తులో ముసలామెకు గోధుమలు ఇచ్చొస్తానని వెళ్లింది.

మూడో ఆట మొదలైంది. కొత్తాయన నోరు ఆగడం లేదు. పెద్దాయన మొహం కందగడ్డలా అయింది.

"నాన్నా, తాతని చూడు" అని దున్యా తండ్రి చొక్కా లాగింది.

"చూస్తూనే ఉన్నా. నువ్వు పక్కకి జరుగు."

వెలిబోర్ కొక్కేనికి ఉన్న ఆయన తడికోటు తెచ్చి అతిథి చేతిలో పెట్టాడు.

"అయ్యా, మీరు గుమ్మం తప్పి వచ్చినట్టున్నారు. ఈ మెట్ల మీద ఇవాళ ఇంకా నాలుగిళ్లలో పండగే. మీకోసం అక్కడెవరో ఎదురుచూస్తుంటారు."

ఆయన తెరవైపు ఒకసారి చూశాడు. "ఇంకో పావుగంట ఆగు బాబూ."

"ఒక్క నిమిషం కూడా ఆగను. మా నాన్నను మా ఇంట్లోనే అవమానిస్తారా? దయచేయండి."

ఆయనకు కోపం రాలేదు. వంగి బూట్ల తాళ్లు కట్టుకున్నాడు. స్వెతోజార్ వైపు తిరిగి "ఈ ఆట బాగా ఆడారు" అని మెట్లు దిగిపోయాడు.

తండ్రి పరువు కాపాడానని వెలిబోర్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"వాణ్ణెవడు పొమ్మన్నాడ్రా?" స్వెతోజార్ గర్జించాడు. "నాలుగు-మూడుతో నాదే పైచేయి. గెలిచేవాణ్ణి. ముందు వాణ్ణి పిలు."

రిమోటుతో తలుపువైపు చూపించాడు. చెయ్యి భుజం ఎత్తుకు లేచింది. కుడిచెయ్యి.

"అదే చెబుతున్నా నాన్నా" అంది దున్యా. "తాత ఇందాకట్నించీ ఆ చేత్తోనే ఆడుతున్నాడు."

వెలిబోర్ నాలుగంతస్తులూ పరుగున దిగాడు. వీధి చివర ఆయనెక్కిన బస్సు మలుపు తిరుగుతోంది. పిలిచాడు, చెయ్యి ఊపాడు. బస్సు ఆగలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

పైకి వచ్చేసరికి పెద్దాయన కోపం చల్లారింది. ఆ వెనకే నొప్పి తెలిసొచ్చింది. చెయ్యి మళ్లీ జేబులోకి పోయింది. దున్యా ఎంత బతిమాలినా బయటికి తీయడం లేదు.

తల్లి ల్యూబింకా ఖాళీ గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆయనేడిరా?"

"పంపించేశానమ్మా. ఎవరాయన?"

ఆమె గిన్నె కింద పెట్టి కుర్చీలో కూలబడింది.

"ముప్పై ఏళ్లు ఎముకల ఆస్పత్రిలో బిగుసుకున్న చేతుల్ని కదిలించినాయన, ఆయనుండే కొండమీద ఊరికి నేను రెండు నెలలు తిరిగి కాళ్లావేళ్లా పడితే, 'మొండివాళ్లను కోపం తెప్పించే కదిలించాలి, ఒకసారి గెంటేసిన ఇంటికి మాత్రం మళ్లీ రాను, మీ ఇంట్లో ఎవరినీ గెంటని రోజుంటే చెప్పు' అన్నాడు, అందుకే ఇవాళ రమ్మన్నాను."