మింగేసిన ‘ఆబ్లాస్’

ఆదివారం మా రొయ్యల చెరువులు చూడటానికి స్పెయిన్ నుంచి భార్యాభర్తలు వస్తున్నారు. భోజనం మా ఇంట్లోనే. వాళ్లకి మా మర్యాద నచ్చితే ఆర్డరు మాకేనని, మా వారు ఆంజనేయరాజు గారు క్యాసెట్ తెచ్చి నాకు స్పానిష్ పాఠం పెట్టారు.

"ఆబ్లో అంటే నేను మాట్లాడతాను. ఆబ్లాస్, నువ్వు మాట్లాడతావు. ఆబ్లా, ఆవిడ మాట్లాడుతుంది. చెప్పండి," అన్నారు క్యాసెట్ ఆపి.

"ఆబ్లో, ఆబ్లా."

"మధ్యలోది మింగేశారేంటండీ?"

"ముప్ఫై ఏళ్లలో మిమ్మల్ని ఒక్కసారైనా నువ్వు అన్నానాండీ?"

"ఇది పాఠమండీ బాబూ!"

వారమంతా మింగుతూనే ఉన్నాను.

ఆదివారం అతిథులు అరిటాకుల ముందు కూర్చున్నారు. మా వారు రొయ్యల మేత గురించి ఇంగ్లీషులో చెబుతూనే ఉన్నారు. ఆయన ఆపితే తిందామని పాపం వాళ్లు చూస్తున్నారు. వేపుడు చల్లారిపోతోంది. గరిటె పట్టుకుని నిలబడ్డ నాకు ఓపిక పోయింది.

"ఆబ్లాస్! ఆబ్లాస్! ఆబ్లాస్!" అన్నాను ఆయన్నే చూస్తూ.

స్పెయిన్ ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, తన భర్తకేసి వేలు చూపించి తనూ అదే మాట అంది. మా వారు పొంగిపోయారు. "చూశారా, మా ఆవిడకి వచ్చేసింది!" అని అప్పుడు అన్నం కలిపారు.

నేను దేవుడి గదిలోకి వెళ్లి లెంపలు వేసుకోబోయాను. ఒకటి వేసుకున్నాను. రెండోదానికి నవ్వొచ్చేసింది.