మందలించేవారు

ఇంటింటికీ జ్ఞాపకాల పెట్టె వచ్చాక ముసలివాళ్లు చెప్పుకుంటూ పోతే చాలు, జీవితకథ అదే రాసిస్తోంది. మమ్మల్ని కన్న అవ్వ చింతపండు గింజలు తీస్తూ వారమంతా చెప్పింది. ఇవాళ పెట్టె చదివి వినిపించింది: "ఆయన నన్ను అప్పుడప్పుడు ప్రేమగా మందలించేవారు."

అవ్వ చెయ్యి ఆగిపోయింది. "నేను గట్ల చెప్పిన్నా? గొడ్డును బాదినట్టు బాదిండని చెప్పిన."

"నేనే పెట్టెను 'మర్యాద' మీదికి తిప్పి పెట్టిన," అన్నాడు మా అన్న సదయ్య. "రేపు మనుమలు చదువుతరు. బాపు పోయినంక గూడ ఆయన పరువు తీస్తరా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "అవ్వ పన్ను ఊడిననాడు యాడికి వోయిందన్నా ఆ పరువు?"

పెట్టెను 'ఉన్నదున్నట్టు' మీదికి తిప్పాను. పెళ్లయిన నాటి నుంచి 'ఆయన' అనడమే తప్ప మొగుడి పేరు పలికి ఎరగని అవ్వ, దాని మీదికి వంగి అరిచింది.

"రాస్కో! రాజేశం నన్ను కొట్టిండు. రాజేశం నా పన్ను ఊడగొట్టిండు."

పెట్టె వినయంగా అడిగింది: "రాజేశం ఎవరు? ఈ పేరు ఇంతవరకు రాలేదు."

"గిన్ని రోజులు నువ్వు 'వారు' అని రాసినవు సూడు," అంది అవ్వ, "వాడు!"