ఆగిన ఆయతు

“ఏంది మౌల్వీ సాబ్, ఆయతుకోసారి గిట్ల ఆగుతుంటే ఖురాన్ ఎప్పుడు ఖతమైతది? రేపే మా అన్న పోయిన నలభయ్యో దినం ఫాతిహా. ముప్పై పారాలల్ల మీరింకా నాలుగో పారా కాడనే ఉన్నరు!” మౌలాలి విసుక్కున్నాడు.

మౌల్వీ రహమతుల్లా కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు. రాజోలి చుట్టుపక్కల ఊళ్లన్నీ జ్వరాలతో మూలుగుతున్నాయి. ఏ ఊళ్లో చావు జరిగి జనాజా లేచినా ఆయనే నడిచి వెళ్లాలి.

“ఉరికిచ్చి చదవనీకె గాదు మౌలాలీ ఇది. ఒక్కొక్క ఆయతు అల్లా వాక్యం. చదివినదాని మీద మనసు పెట్టి ఆలోచించమని ఈ కితాబే చెప్తది. మనసుకెక్కినంకనే ముంగటికి పోత.”

మౌలాలి తొందర వేరు. తుంగభద్ర ఒడ్డున అన్న చేను తన పేర రాయించిన కాగితం జేబులో ఉంది. దాని మీద వదిన హుసేనమ్మ వేలిముద్ర పడాలి. రేపు చుట్టాలు దిగితే కుదరదు. మౌల్వీ ఎదురుగా అడగడానికి మొహం చెల్లడం లేదు. సాక్షిగా పిలిపించిన పటేల్ బుచ్చన్న అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

వంటింట్లో హుసేనమ్మ జొన్నలు విసురుతోంది. పొద్దున మౌలాలి కాగితం సంగతి ఎత్తితే, “నువ్వెట్లంటే గట్లనే. నాకేం తెల్వదు” అంది, తలెత్తి చూసే ఓపిక కూడా లేనట్టు.

మౌల్వీ మళ్లీ అందుకున్నాడు. ఒక ఆయతు నిదానంగా చదివి, అలవాటుగా తెలుగులో అర్థం చెప్పాడు.

“అనాథల సొమ్ము అన్యాయంగ తినేటోళ్లు కడుపుల నిప్పు నింపుకుంటున్నట్టే.”

అక్కడ ఆగిపోయాడు. కళ్లు మూసుకున్నాడు. తల మెల్లగా వంగింది.

మౌలాలి కాసేపు చూశాడు. “ముంగటికి పోండి సాబ్.”

మౌలాలి ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

“అర్థమైంది గద సాబ్. పోండి.”

మౌల్వీ కదల్లేదు. మౌలాలి చూపు పక్కకు తిప్పుకున్నాడు. వంటింటి గుమ్మంలోంచి అన్న పిల్లలిద్దరూ కనిపించారు. పెద్దది తల్లి చేతి మీద చెయ్యి వేసి తిరగలి తిప్పుతోంది. చిన్నది ఒట్టి నేల మీదే నిద్రపోయింది.

ఈయనకు కాగితం సంగతి ఎవరు చెప్పారు? బుచ్చన్నా? వదినా? ఎవరూ చెప్పకపోతే సరిగ్గా ఇక్కడే ఎందుకు ఆగినట్టు? నేను నోరు విప్పేదాకా ముందుకు పోడా? మౌలాలి జేబు మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

చివరికి లేచి అరుగు మీదికి వచ్చాడు.

“బుచ్చన్నా, నువ్వు ఇంటికి పో. రాతకోతలేం లేవు. ఆ చేను మా అన్న పిల్లలది.”

బుచ్చన్న నోరు తెరిచేలోగా కాగితం నాలుగు ముక్కలైంది. మౌలాలి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి తల వంచుకున్నాడు.

“వేలిముద్ర వద్దు వదినా. విత్తనం నేనే ఏస్త. పంట మీరు తినుండ్రి.”

హుసేనమ్మ తిరగలి వదిలేసి అతని వైపు చూసింది. మరుక్షణం పిల్లను పొదువుకుని భోరుమంది.

ఆ ఏడుపుకు మౌల్వీ ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. జారిపోతున్న కళ్లద్దాలు పట్టుకుని సిగ్గుపడుతూ అన్నాడు:

“మాఫ్ చెయ్యి మౌలాలీ, జర కునుకు పట్టింది. ఏడిదాక చదివిన?”