నల్లబడిన గుడ్లు

“మందు లేదప్పా,” అన్నాడు లక్ష్మన్న, పురుగుమందుల దుకాణంలో గల్లాపెట్టె మీది నుంచి తల ఎత్తకుండానే.

“నీ వెనక వరసగా ఉండేటివి ఏంటివి? నెయ్యి డబ్బాలా?” పుల్లన్న గరగర గొంతుతో గద్దించాడు.

“అవి వేరేవాళ్లకు పెట్టినా. ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తాగి పో.”

పుల్లన్న మజ్జిగ ముట్టలేదు. వేరుశనగ చేలో పచ్చపురుగు ఆకుల్ని జల్లెడ చేస్తోంది. ఈ పంటా పోతే సేద్యానికి ఇక దండమే. కళ్యాణదుర్గంలో లక్ష్మన్న బావమరిది దుకాణంలోనూ ఇదే మాట. పక్కచేను తిమ్మన్న ఒక్కరోజుకని పుల్లన్న స్ప్రేయరు పట్టుకుపోయి మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. భార్య ఓబులమ్మ కన్నుమూశాక ఊరు తనను వెలేసిందని పుల్లన్నకు రూఢి అయిపోయింది.

తిరిగొచ్చేసరికి చేను గట్టు మీద వ్యవసాయ సహాయకురాలు హేమ, చేతిలో చిన్న అట్టముక్కలతో నిలబడి ఉంది.

“వీటిమీద కందిరీగలు ఉండాయన్నా, గుడ్లలో. చీమకన్నా చిన్నవి. పొదిగినాక పోయి పురుగు గుడ్లలో గుడ్లు పెడతాయి. పురుగు పుట్టకుండానే పోతాది.”

“అందరికీ మందు, నాకు ఈగలా?”

“మందు కొడితే ఇవీ చస్తాయి. పురుగు గుడ్లు నల్లబడితే ఇవి పని చేసినట్టు. నల్లబడినాయా లేదా, రోజూ పొద్దున్నే చూసి ఫోన్లో చెప్పాల.”

“చెప్పకపోతే?”

“నేనే వస్తా.”

తిట్టుకుంటూనే అట్టల్ని ఆకుల అడుగున గుచ్చాడు. పొద్దున్నే లేవడానికి ఆ ఇంట్లో అతనికి ఇంకో పని లేదు. కొన్నాళ్లకు గసగసాలంత గుడ్లు నల్లబడ్డాయి. చేను కొత్తాకు వేసింది. కంటికి ఆనని ఈగలతో మాట్లాడుతూ గట్టు మీద ఒక్కడే కూర్చునేవాడు. “మీకైనా ఒక పని ఉండాదిలే!”

కాయ పీకే ముందు స్ప్రేయరు అడగడానికి తిమ్మన్న ఇంటికి పోయాడు. అటక మీద అది బూజు పట్టి ఉంది.

“ఏమప్పా, కొట్టనే లేదే! ఎందుకు తెచ్చినట్టు?”

తిమ్మన్న చాప పరిచాడు. అతని భార్య కదిరమ్మ తట్టలో రాగిముద్ద పెట్టుకుని తెచ్చింది.

“మా చేలోనూ ఈగలే వదిలినాం అన్నా. కూచో. ముద్ద మజ్జిగలో పిసికినా, గొంతు దిగుతాది.”

పుల్లన్న చాలాసేపు అటక వైపే చూశాడు. తర్వాత తట్ట ముందు కూర్చుని మెల్లగా మింగాడు. గొంతు మండింది.

మొన్న ఎండాకాలం అతను తాగింది పురుగుమందే.