తెడ్డు పట్టిన చెయ్యి

"అచ్చియ్యమ్మ గారి హల్వా పొయ్యి ఇదేనా?"

గుమ్మంలో ఎవరో ముసలాయన. గళ్ళ లుంగీ, భుజాన తువ్వాలు. ఎండన పడి వచ్చాడేమో, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"ఇదే. బేరమైతే రేపు రా బాబూ." అచ్చియ్యమ్మ తలైనా ఎత్తలేదు.

"బేరం కాదమ్మా. ఓ మాట అడగాలి."

"తెడ్డు పట్టేక మాటల్లేవు. అలాగ కూకో."

నిజమే మరి. గోధుమపాలు బెల్లం పాకంలో పడ్డాక, నెయ్యి పైకి తేలేదాకా తెడ్డు ఆగకూడదు. ఆగిందా, అడుగంటి కళాయి కళాయంతా మాడు కంపే.

పైగా ఇది మామూలు హల్వానా! వడ్డాది ఊళ్ళో పెదబాబు గారింట పెళ్ళి హల్వా.

ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా హల్వా అనకాపల్లి జిలానీ పొయ్యి మీద నుంచే వచ్చేది. ఈ తొంభై అయిదో సంవత్సరంలోనే ఆ ఆర్డరు మొదటిసారి చోడవరానికి, అచ్చియ్యమ్మ పొయ్యికి వచ్చింది.

ఊరికే రాలేదు లెండి.

"జిలానీకి కుడిచెయ్యి పడిపోయిందట బాబూ. తెడ్డే ఎత్తలేకపోతన్నాడట," అని పెదబాబు చెవిన వేసింది అచ్చియ్యమ్మే.

జిలానీ ఎలా ఉంటాడో ఆవిడెరగదు. మొగుడు పోయాక ఆ పొయ్యే ఆధారం. పెద్దింటి ఆర్డరు ఒక్కటైనా రాకపోతే పొయ్యి ఆర్పుకోవడమేనని ఆ అబద్ధం ఆడింది. సంతలోనూ నలుగురికీ అదే చెప్పింది. చెప్పగా చెప్పగా తనకే నిజమనిపించింది. అయ్యో పాపం, ముసలాడికి ఎంత కష్టమొచ్చిందని ఒకసారి జాలి కూడా పడింది!

ఇంతలో పక్కింటి చిన్నమ్మి రొప్పుకుంటూ వచ్చి పడింది.

"ఒలమ్మో, ఆసుపత్రిలో నీ కూతురు సంధ్యారాణికి నొప్పులు ముదిరిపోనాయి! బిడ్డ అడ్డం తిరిగిందంట. ఆపరేసనంట. నీకోసవే ఏడుస్తంది!"

అచ్చియ్యమ్మ చేతిలో తెడ్డు ఆగబోయింది. అయినా తిరుగుతూనే ఉంది.

"ఒసే, నువ్వు పట్టవే దీన్ని!"

"నాకేటి తెల్సు? మాడిపోతే నన్నంటావు!"

కళాయి వంక చూసింది. వీధి వంక చూసింది. ఏడుపొచ్చేసింది.

ముసలాయన లేచాడు. తువ్వాలు నడుముకి బిగించి, తెడ్డు అందుకున్నాడు.

"నువ్వెల్లి రామ్మా. నేను కలుపుతాను."

"నీకు వచ్చేటి?"

"కలపడమే కదా. ముందు నువ్వెల్లు."

వెళ్ళింది. ఇంకేం చేస్తుంది?

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. తల్లీ పిల్లా క్షేమం. ఆడగుంట పుట్టింది.

హల్వా దిగి ఉంది. చుట్టూ నెయ్యి తేలింది. తెడ్డు గోడకి చేరేసి ఉంది. ముసలాయన అరుగు మీద కూర్చుని కుడి మణికట్టు ఊదుకుంటున్నాడు.

మనసు పాడుది! అచ్చియ్యమ్మ కళ్ళు ముందు నెయ్యి డబ్బా మీదకే పోయాయి. ఉండాల్సినంతా ఉంది. సిగ్గేసింది.

అప్పుడు చూసింది ఆ చేతిని. మణికట్టంతా బొబ్బలు.

"నెయ్యి పోసినప్పుడు చిందిందమ్మా."

"మరి తెడ్డు వదిలేయలేకపోయేవా?"

"తెడ్డు పట్టేక వదలకూడదు కదమ్మా."

అచ్చియ్యమ్మ కట్టుకున్న పసుపు కోక అంచే బర్రున చింపి ఆ చేతికి కట్టింది. తెడ్డు పట్టినవాడికి మొదటి ముద్ద ఇవ్వడం ఆనవాయితీ. ఆకులో పెట్టి ఇచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని తిన్నాడు.

"బాగుందమ్మా. పాకం నీదే కదా."

"ఏదో మాట అడగాలన్నావు బాబూ?"

ఆయన వేడి ఆరని పొయ్యి వంక చూశాడు. ఆవిడ చిరిగిన కోక వంక చూశాడు.

"ఏం లేదులేమ్మా. పిల్ల జాగ్రత్త."

పేరైనా అడగలేదే అని గుర్తొచ్చేసరికి ఆయన వడ్డాది ఆటో ఎక్కేశాడు.

మర్నాడు పెళ్ళింట్లో హల్వా గిన్నెలు దింపుతుంటే పెదబాబు దగ్గరికొచ్చాడు.

"నిన్న సాయంత్రం జిలానీ వచ్చేడే."

అచ్చియ్యమ్మ దింపుతున్న గిన్నె అక్కడే పెట్టేసింది. అయిపోయింది, అబద్ధం బయటపడిందనుకుంది.

"ఏ... ఏటన్నాడు బాబూ?"

"ఇంక హల్వా ఆవిడ దగ్గరే తీసుకోండి బాబూ అన్నాడు. పొయ్యి తీసేసి, ఈ పొద్దున్నే కూతురి దగ్గరికి హైదరాబాదు బండెక్కేసేడట. నువ్వు సెప్తే నేను పూర్తిగా నమ్మలేదు గానీ, ఆ సెయ్యి పడిపోయిన మాట నిజవేనే. నా కళ్ళతో సూసేను, మణికట్టుకి పసుపు కోక అంచు కట్టుకుని ఉన్నాడు."