రేవు సీను

తండ్రి పోయి ఇరవై మూడు రోజులైంది. సింధూర ఇంకా ఏడవలేదు.

పాడె లేచినప్పుడు ఏడవలేదు. పదో రోజున చుట్టాలంతా గొల్లుమంటుంటే, వచ్చినవాళ్ళకి కాఫీలు అందాయో లేదో చూసుకుంది. చిక్కడపల్లిలోని ఆ అపార్టుమెంటుకి అదే పెద్ద వార్త అయిపోయింది. లోకులు పలుగాకులు.

“కన్నతండ్రి కోసం ఒక్క చుక్క రాల్చలేకపోయావటే? వాడు నిన్ను భుజం మీంచి దించి ఎరగడు,” అంది మేనత్త రత్నమాల.

“రావడం లేదత్తయ్యా.”

“రాకపోవడమేమిటి? అవేమన్నా మునిసిపాలిటీ నీళ్ళా?”

సింధూరకీ భయంగానే ఉంది. నాన్నంటే ఆమెకి ప్రాణం. అయినా ఆయన చొక్కాలు మడతపెడుతుంటే లోపల ఏమీ కదలడం లేదు. నాన్న పోయాడన్నది ఎవరో చెబితే విన్న మాటలాగే ఉంది. ఒక్కసారి ఏడుపొస్తే చాలు, అది నిజమని తనకి తెలుస్తుంది. ఆమె ఆశ అంతే.

పక్క ఫ్లాటులో మరో ఇద్దరమ్మాయిలతో కిరాయికి ఉంటున్న భాగ్యశ్రీ గ్రూప్స్‌కి చదువుతోంది. పగలంతా అశోక్ నగర్ లైబ్రరీలోనే. ఆ సాయంత్రం పేపరు ముక్క పట్టుకొచ్చింది.

“అక్కా, ‘చిట్టెమ్మ రేవు’ సినిమా ఏస్తున్నరంట, నారాయణగూడల. ఆదివారం పొద్దుగాల. గా కథ చిన్నప్పుడు సదివిన. మస్తు ఏడ్చిన!”

ఆ పేరు విని సింధూర పేపరు ముక్క చేతిలోకి తీసుకుంది. అది పిల్లల మాసపత్రికలో వచ్చిన కథ. ఏడేళ్ళప్పుడు బాల్కనీలో కూర్చోబెట్టుకుని నాన్నే చదివి వినిపించేవాడు. ప్రతిసారీ ఏడ్చేది, మళ్ళీ చదవమనేది. ఎనిమిదో ఏడు దాటాక ఆ కథ జోలికి పోలేదు.

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు.

“మీ లైబ్రరీలో ఆ కథ దొరుకుతుందా?” అని అడిగింది.

మర్నాడు భాగ్యశ్రీ జిరాక్స్ తెచ్చిచ్చింది. నాలుగే పేజీలు. చిట్టెమ్మ తండ్రి పడవ నడుపుతాడు. వరద రోజున అవతలి ఒడ్డువాళ్ళని తేవడానికి వెళ్ళి తిరిగి రాడు. చిట్టెమ్మ అన్నం మూటతో చీకటిపడేదాకా రేవులో కూర్చుంటుంది. ఏడవదు. “అన్నం చల్లారిపోతోంది,” అని మాత్రం అంటుంది. కథ అయిపోతుంది.

సింధూర రెండుసార్లు చదివింది. జిరాక్స్ కాస్త వంకరగా వచ్చిందని గమనించింది.

ఆదివారం చీర మార్చుకుంటుంటే మేనత్త గుమ్మంలో నిలబడింది.

“సినిమాకా? ఇంకా నెల మాసికమైనా పెట్టలేదే!” అని నోరు నొక్కుకుంది. మళ్ళీ తనే తగ్గింది. “పోనీ వెళ్ళు. అక్కడైనా ఏడ్చి రా.”

హాల్లో ముప్పైమంది ఉంటారు. ఫిలిం క్లబ్బు నడిపే రాఘవేంద్ర గారు మైకు పట్టుకున్నారు. “రేవు సీను బాగా చూడండి. ఆ పిల్ల ఏడుపు నటనలా ఉండదు,” అన్నారు. పేర్లు పడేటప్పుడు లైట్లు ఆర్పడం మరిచిపోయారు. తెర మీద ఒక్క అక్షరం కనబడలేదు.

రేవు సీను వచ్చింది. సినిమాలో అన్నం మూట లేదు. చిట్టెమ్మ నీళ్ళ వెంట పరుగెత్తింది. “నాన్నా” అని అరిచింది. ఇసుకలో పడిపోయింది. నోట్లోకి ఇసుక పోతున్నా అరుపు ఆపలేదు. కెమెరా ఎటూ కదలకుండా ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయింది.

హాలంతా ముక్కులు చీదుకుంటోంది. భాగ్యశ్రీ చున్నీ తడిసిపోయింది.

సింధూర చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసింది. ఇప్పుడు ఆ పిల్లకి దగ్గొస్తుంది, అనుకుంది. వచ్చింది. ఇంకేమీ అనిపించలేదు.

బయటికొచ్చి ఇద్దరూ టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. భాగ్యశ్రీ కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“బుక్కుల గట్ల లేదు కదక్కా. చిట్టెమ్మ ఏడ్వనే ఏడ్వది.”

“సినిమాకి ఏడుపు కావాలి కదా.”

“నా పానం పోయినంత పనైంది. నీకు మీ నాయిన యాదికి రాలే?”

“వచ్చారు.”

“మరి?”

“ఏడుపు రాలేదు భాగ్యా.”

భాగ్యశ్రీ ఆమె వంక జాలిగా చూసింది. కొంచెం భయంగా కూడా చూసింది.

“మీ నాయిన కోసం ఒక్కపారన్న ఏడ్వాలె అక్కా. లేకుంటె ఆయనకు శాంతి ఉండది.”

సింధూర టీ చల్లారకముందే తాగేసింది.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఆ సీను తీసిన రోజు, గ్లిజరిన్ పెట్టినా ఏడుపు రాక చిట్టెమ్మ వేషంలో నిలబడ్డ ఎనిమిదేళ్ళ సింధూర చెవిలో ‘మీ నాన్న నీళ్ళల్లో పోయాడమ్మా’ అని చెప్పి డైరెక్టరు కెమెరా తిప్పిస్తుంటే, ఆ ఉపాయం చెప్పిన నాన్న పడవ చాటున నవ్వాపుకుంటూ కూర్చున్నాడు.